మౌనంగా దెబ్బతినే మూత్రపిండాలు, మౌనంగా అలసిపోయే గుండె
రక్తపోటు, మధుమేహం ఉన్న ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయాలు

శ్రీకాకుళం జిల్లాలో 'కిడ్నీ జబ్బు' అన్న మాట వినబడగానే అందరి ఆలోచనా ఉద్దానం వైపు మళ్ళుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న పల్లెలు కొన్ని దశాబ్దాలుగా ఈ వ్యాధితో పోరాడుతున్నాయి. అక్కడి రోగుల్లో చాలామందికి మధుమేహం లేదు. మూత్రంలో మాంసకృత్తులు పెద్దగా పోవడమూ కనిపించదు. అయినా మూత్రపిండాలు క్షీణిస్తున్నాయి. నీరు, ఎండలో కాయకష్టం, పురుగుమందులు అంటూ పరిశోధకులు ఎన్ని కోణాల్లో వెదికినా కారణం ఇదీ అని ఇంతవరకూ తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు గొట్టాల ద్వారా మంచినీరు అందించే పథకం కూడా అదే రోజున మొదలైంది.

ఉద్దానం బాధ నిజమైనది. దాన్ని తక్కువ చేసి చూడరాదు. కానీ ఆ బాధ పేరు చెప్పుకుని జిల్లాలోని మిగిలిన ప్రాంతాలవారు ఒక తప్పుడు ధీమా పెంచుకున్నారు. "ఆ జబ్బు అక్కడి నీళ్ళది, మనకేమీ కాదు" అన్న మాట ఎచ్చెర్లలోనూ, షేర్ మహమ్మద్ పురంలోనూ, శ్రీకాకుళం పట్టణంలోని మన మొహల్లాల్లోనూ తరచూ వినబడుతుంది. వాస్తవం వేరు. ప్రపంచమంతటా మూత్రపిండాలు పూర్తిగా చెడిపోవడానికి మొదటి కారణం మధుమేహం, రెండవది అధిక రక్తపోటు. ఈ రెంటికీ ఊరి నీటితో పని లేదు. అవి మన ఇంటి దస్తర్‌ఖాన్ మీదే, మన కుర్చీలోనే, మనం మానేసిన మాత్రలోనే ఉన్నాయి. ఈ రెండూ మూత్రపిండాలను దెబ్బతీసే దారిలోనే గుండెను కూడా దెబ్బతీస్తాయి.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. ఆ వ్యాధి అంచున ఉన్నవారు మరో 13.6 కోట్లు. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉంది. అంటే ఏ జుమా రోజైనా మసీదులో ఒక వరుసలో నిలబడిన వారిలో కొందరికి ఈ రెండింటిలో ఒకటి తప్పక ఉంటుంది. వారిలో కొందరికి ఆ సంగతే తెలియదు.

నేను వైద్యుణ్ణి కాను. మదరసాలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. కానీ రమజాన్ సమీపించినప్పుడు, నమాజు ముగించుకుని బయటికి వచ్చినప్పుడు సోదరులు ధర్మ సంబంధమైన సందేహాలతోపాటు ఈ జబ్బుల గురించీ అడుగుతుంటారు. "మౌలానా సాబ్, షుగర్ మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయట, మానేయమంటారా?" అన్నది అందులో అన్నిటికన్నా ఎక్కువగా వినబడే ప్రశ్న. ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలియక ప్రాణాలు కోల్పోతున్నవారు ఉన్నారు. కాబట్టి వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయాలను సాధారణ పాఠకులకు అర్థమయ్యే రీతిలో ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తున్నాను.

జల్లెడ ఎలా చిరుగుతుంది?

అల్లాహ్ మనిషి దేహంలో అమర్చిన ఏర్పాట్లలో మూత్రపిండాల అమరిక ఎంతో ఆశ్చర్యకరమైనది. పిడికిలంత ఉండే ఒక్కొక్క మూత్రపిండంలో దాదాపు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలు ఉంటాయి. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో అయిదవ వంతు నేరుగా మూత్రపిండాలకు వెళుతుంది. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం అక్కడ వడపోతకు గురవుతుంది. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటకు పోతుంది. మిగిలినదంతా శరీరానికి తిరిగి చేరుతుంది.

ఈ వడపోత జరిగేది వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల చుట్టల్లో. వాటి గోడలు జల్లెడ వంటివి. వ్యర్థాలను వదులుతాయి, విలువైన మాంసకృత్తులను ఆపుతాయి. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం అధికంగా ఉంటే ఈ చుట్టలోకి రక్తాన్ని తెచ్చే నాళం వెడల్పవుతుంది. దాంతో లోపల ఒత్తిడి పెరుగుతుంది. తొలి సంవత్సరాల్లో మూత్రపిండం మామూలుకన్నా ఎక్కువగా వడపోస్తుంది కూడా. చూడటానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. నిజానికది మోయలేని బరువుతో పరుగెత్తుతున్న ఎద్దు స్థితి. పైనుంచి అధిక రక్తపోటు తోడైతే ఆ ఒత్తిడి రెట్టింపవుతుంది. కొన్నేళ్ళకు జల్లెడ చిరుగుతుంది. ఆల్బుమిన్ అనే మాంసకృత్తి మూత్రంలోకి జారడం మొదలవుతుంది. ఆపై ఒక్కొక్క చుట్టా మచ్చకట్టి, గట్టిపడి, పనిచేయడం మానేస్తుంది. అలా పోయిన చుట్ట మళ్ళీ పుట్టదు.

ఇన్నేళ్ళలోనూ మనిషికి ఏ నొప్పీ ఉండదు. నడుము నొప్పి వస్తే 'కిడ్నీ ఏమో' అని భయపడేవారు ఎందరో ఉన్నారు. కానీ మధుమేహం వల్ల మూత్రపిండం దెబ్బతినేటప్పుడు నడుము నొప్పి రాదు. కాళ్ళ వాపు, ఆయాసం, వాంతులు, ఒంటి దురద కనిపించేసరికి ఎక్కువ భాగం చేజారిపోయి ఉంటుంది.

1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒక చిన్న పరీక్షతో ఈ జబ్బును పట్టుకున్నాడు. రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై వేడి చేసేవాడు. అందులో ఆల్బుమిన్ ఉంటే గుడ్డులోని తెల్లసొన మాదిరి గడ్డకట్టేది. ఆయన 1836లో మరొక విషయం కూడా రాశాడు: మూత్రపిండాలు చెడి మరణించినవారిలో చాలామంది గుండెలు అసాధారణంగా పెరిగి ఉన్నాయి. ఈ రెండు అవయవాల విధి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నదని వైద్యలోకానికి అప్పుడే తెలిసింది.

గుండెకు ఎందుకు చేటు?

రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువైతే రక్తాన్ని నెట్టడానికి గుండె మరింత బలంగా కొట్టుకోవాలి. బరువులెత్తే కూలీ కండ మాదిరిగా గుండె ఎడమ గది గోడ మందమవుతుంది. అది బలం కాదు, వ్యాధి. గట్టిపడిన గుండె సరిగా వదులు కాదు, సరిగా నిండదు. కొంతకాలానికి అలసిపోతుంది. మధుమేహం గుండెకు రక్తాన్ని తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకోవడాన్ని వేగవంతం చేస్తుంది.

ఇక మూత్రపిండం బలహీనపడితే ఉప్పును, నీటిని పూర్తిగా బయటకు పంపలేదు. అవి శరీరంలో నిలిచి రక్తపోటును మరింత పెంచుతాయి. రక్తం తయారీకి కావలసిన హార్మోను మూత్రపిండంలోనే పుడుతుంది. అది తగ్గితే రక్తహీనత వస్తుంది, గుండెకు శ్రమ పెరుగుతుంది. ఈ విధంగా ఒకటి రెండవదాన్ని కిందికి లాగుతుంది. అందుకే మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో డయాలసిస్ దశకు చేరేవారికన్నా, అంతకు ముందే గుండె జబ్బుతో మరణించేవారే ఎక్కువ. 'కిడ్నీ రిపోర్టు బాగోలేదు' అని వైద్యుడు చెప్పినప్పుడు అది గుండెకు కూడా వచ్చిన హెచ్చరిక అని గ్రహించాలి.

మరొక ప్రమాదం ఉంది. దీర్ఘకాలం మధుమేహం ఉన్నవారిలో నరాలు మొద్దుబారుతాయి. అందువల్ల గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. అకారణమైన ఆయాసం, చల్లని చెమట, వాంతి, తీవ్రమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. అలాంటప్పుడు 'గ్యాస్' అనుకుని సోడా తాగి పడుకోరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

తప్పక అడగవలసిన రెండు పరీక్షలు

'మధుమేహం' అన్న పేరులోనే మూత్రం ఉంది. మేహం అంటే మూత్రం. తేనె వంటి తీపి మూత్రమని మన పూర్వులు ఆ పేరు పెట్టారు. విచిత్రమేమంటే నేడు షుగర్ ఉన్నవారు వేలి చివర రక్తాన్ని నెలనెలా పరీక్షిస్తారు గాని, మూత్రాన్ని మాత్రం ఏళ్ళ తరబడి చూపించుకోరు.

మొదటిది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష. ఉదయం మొదటి మూత్రం కొద్దిగా ఇస్తే చాలు. ఫలితం 30 లోపు ఉంటే మంచిది. 30 నుంచి 300 వరకు ఉంటే జల్లెడ చిరగడం మొదలైందని అర్థం. 300 దాటితే నష్టం తీవ్రమైనది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, అధిక శ్రమ కూడా దీన్ని తాత్కాలికంగా పెంచగలవు. అందువల్ల ఒక్క ఫలితంతో బెంబేలెత్తక మూడు నెలల్లో మరొకటి రెండు సార్లు చేయించి నిర్ధారించుకోవాలి.

రెండవది రక్తంలో క్రియాటినిన్. ఆ అంకెతోపాటు వయస్సును, స్త్రీ పురుష భేదాన్ని కలిపి లెక్కగట్టే వడపోత వేగాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. ఇది 60 కన్నా తక్కువగా మూడు నెలలపాటు ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్టు. 15 కన్నా తగ్గితే మూత్రపిండాలు దాదాపు విఫలమైనట్టు. ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. మూత్రపిండాల శక్తి సుమారు సగం తగ్గేవరకూ క్రియాటినిన్ 'నార్మల్'గానే కనిపించవచ్చు. కాబట్టి "క్రియాటినిన్ బాగుంది" అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండిపోరాదు. రెండు పరీక్షలూ కలిస్తేనే సత్యం తెలుస్తుంది.

టైప్ 2 మధుమేహం బయటపడిన నాడే ఈ రెంటినీ చేయించాలి. ఆపై ఏటా ఒకసారి చేయించాలి. ఎందుకంటే ఆ వ్యాధి బయటపడేనాటికే కొన్నేళ్ళుగా ఒంట్లో ఉండి ఉంటుంది. అదే రోజున కళ్ళ లోపలి పొరను కూడా చూపించుకోవాలి. కంటి నాళాల్లో కనిపించే దెబ్బ తరచుగా మూత్రపిండాల్లో కనిపించని దెబ్బకు సాక్ష్యమవుతుంది. 30 ఏళ్ళు దాటినవారికి రక్తపోటు, షుగర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు "మాకేం జబ్బు లేదమ్మా" అని పంపివేయకుండా చేయి చాపి బీపీ చూపించుకోవడం మేలు.

మాత్రలు శత్రువులా, రక్షకులా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మన ఊళ్ళలో తరచుగా జరిగేది ఇది. ఒక వ్యక్తికి బీపీ, షుగర్ ఉన్నాయని తెలుస్తుంది. ఆరు నెలలు మాత్రలు వాడతాడు. అంకెలు సవ్యంగా వస్తాయి. ఒంట్లో బాగానే ఉంటుంది. ఎవరో "ఇంగ్లీషు మందులు వేడి, కిడ్నీలు పోతాయి" అంటారు. ఆయన మానేస్తాడు. మూడు నాలుగేళ్ళు ఏమీ కాదు. ఆపై ఒకరోజు కాళ్ళు వాచి ఆసుపత్రికి వెళితే క్రియాటినిన్ 5, 6 అని తేలుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవారు "చూశారా, అప్పట్లో వాడిన మాత్రలే ఇంత పని చేశాయి" అంటారు. మానేసినందువల్ల వచ్చిన నష్టం, వాడినందువల్ల వచ్చినదిగా లెక్కలోకి ఎక్కుతుంది. ఆ మాట విని మరో ఇద్దరు మానేస్తారు.

వైద్య పరిశోధనలు చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెల్లడించిన ఒక సుదీర్ఘ అధ్యయనంలో కొత్తగా టైప్ 2 మధుమేహం వచ్చిన 5,102 మందిని పరిశీలించారు. వారిలో రక్తపోటు కూడా ఉన్న 1,148 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రక్తపోటును గట్టిగా అదుపు చేశారు. సగటున అది 144/82 వద్ద నిలిచింది. మరొక జట్టులో 154/87 ఉంది. తేడా పై అంకెలో పది మాత్రమే. కానీ ఆ పది తగ్గినందుకే మధుమేహ సంబంధ మరణాలు 32 శాతం, పక్షవాతం 44 శాతం తగ్గాయి. ఇప్పుడు వైద్యులు చాలామందికి 130/80 లోపు ఉండాలని చెబుతున్నారు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందిలో 7 లోపు ఉండటం మంచిది. వృద్ధులకు, బలహీనులకు వైద్యులు కొంత సడలింపు ఇస్తారు.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి రక్తపోటు మాత్రలు ప్రత్యేకంగా ఆ వడపోత చుట్టల లోపలి ఒత్తిడిని తగ్గిస్తాయి. ఆల్బుమిన్ కారడాన్ని అరికడతాయి. లోసార్టాన్ మధుమేహ రోగుల మూత్రపిండాలను కాపాడుతుందని 2001లోనే రుజువైంది. వీటిని మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ స్వల్పంగా పెరగడం సహజం. లోపలి ఒత్తిడి తగ్గిందనడానికి అదొక సూచన. 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు ఆపనక్కరలేదు. కానీ రోగి ఈ అంకె చూసి భయపడి మానేస్తాడు. పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించి వైద్యుడు చెప్పేవరకూ మానరాదు. గర్భిణులు, గర్భం కోరుకునే స్త్రీలు మాత్రం ఈ మాత్రలు వాడరాదు. ముందే వైద్యునికి చెప్పి మార్పించుకోవాలి.

ఇటీవలి కాలంలో మరొక మేలు లభించింది. ఆపిల్ చెట్టు వేరు బెరడులో ఉండే ఒక పదార్థాన్ని 1835లోనే ఐరోపాలో వేరుచేశారు. అది చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతుందని తర్వాత తెలిసింది. ఆ సూత్రం మీదే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే మందులు తయారయ్యాయి. 2019లో వెల్లడైన ఒక అధ్యయనంలో మధుమేహం, మూత్రపిండ వ్యాధి రెండూ ఉన్న 4,401 మందిని పరిశీలించారు. కానాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో మూత్రపిండాలు విఫలం కావడం, దానికి సంబంధించిన ఇతర తీవ్ర పరిణామాల ముప్పు 30 శాతం తగ్గింది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్‌పై వచ్చిన అధ్యయనం మధుమేహం లేని రోగులకు కూడా ఈ మేలు ఉన్నదని చూపింది. గుండె అలసిపోయినవారికీ ఇవి ఉపకరిస్తాయి. ఒకప్పుడు ఖరీదైన ఈ మందులు పేటెంట్లు ముగియడంతో నేడు చౌకగా లభిస్తున్నాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిసింది. ఇవి వాడేవారు మర్మావయవాల పరిశుభ్రతపై శ్రద్ధ వహించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీరు నిలవని రోజుల్లో వీటిని తాత్కాలికంగా ఆపాలా అని వైద్యుణ్ణి అడగాలి.

మరి మూత్రపిండాలను నిజంగా పాడుచేసే మందులు ఏవి? వైద్యుని చీటీ లేకుండా మందుల దుకాణంలో కొనే నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మోకాళ్ళ నొప్పికి, ఒళ్ళు నొప్పులకు రోజూ మింగేవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఎండలో పనిచేసి నీరసించిన శరీరానికి ఇవి మరీ ప్రమాదకరం. అలాగే ఏ పదార్థాలతో చేశారో తెలియని భస్మాలు, కుష్తాలు, 'షుగర్‌ను శాశ్వతంగా పోగొట్టే' పొడులు. వాటిలో సీసం, పాదరసం వంటి లోహాలు ఉండే అవకాశం ఉంది. విచిత్రం చూడండి. పరీక్షలకు నిలిచిన మాత్రను అనుమానిస్తాము. పేరు కూడా లేని పొట్లాన్ని నమ్ముతాము.

వంటింటి లెక్క

ఉప్పు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు. మన గృహిణులకు ఉపయోగపడే లెక్క ఒకటి చెబుతాను. అయిదుగురు పెద్దవారున్న ఇంట్లో రోజుకు 25 గ్రాములు, నెలకు 750 గ్రాములు. ఇంటికి నెలకు కిలో ప్యాకెట్టు పూర్తిగా ఖర్చయి రెండవది విప్పుతున్నారంటే పరిమితి ఎప్పుడో దాటినట్టే. ఇందులో ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, బేకరీ సరుకుల్లోని ఉప్పు ఇంకా కలపలేదు. సముద్రతీర జిల్లా కావడంతో ఎండుచేపల కూర మనకు ప్రియమైనది. రక్తపోటు ఉన్న ఇంట్లో దాన్ని అరుదుగా చేసుకోవాలి. వండే ముందు నానబెట్టి, నీరు మార్చి కడగాలి. 'తక్కువ సోడియం ఉప్పు' పేరుతో అమ్మేవాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, పైన చెప్పిన రక్తపోటు మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా వాటిని వాడరాదు.

వలీమాలు, పండుగలు మన జీవితంలో భాగం. బిర్యానీని ఎవరూ నిషేధించలేదు. కానీ పళ్ళెంలో రెండవసారి, మూడవసారి వడ్డించడం మర్యాదగా భావించే అలవాటు మధుమేహ రోగికి ఆతిథ్యం కాదు. "ఒక్కరోజుకేం కాదు" అని బలవంతపెట్టడం మానాలి. మన ప్రాంతపు చోడి అంబలి, కూరగాయలు, పప్పు, మితమైన చేప దైనందిన భోజనంగా ఉంటే మేలు. చోడి కూడా పిండిపదార్థమే కనుక పరిమాణం మరవరాదు. రోజుకు అరగంట చురుకైన నడక, పొగాకును పూర్తిగా విడిచిపెట్టడం గుండెకూ మూత్రపిండానికీ కూడా మందే.

మరొక మాట. మన ఇళ్ళలో భర్త మాత్రల వేళను భార్య గుర్తుపెట్టుకుంటుంది, అత్తగారి ఇన్సులిన్‌ను కోడలు చూసుకుంటుంది. ఆమె బీపీ ఎంతో ఆమెకే తెలియదు. గర్భధారణలో షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పు తర్వాత షుగర్ తగ్గింది కదా అని వదిలేయక క్రమం తప్పకుండా పరీక్ష చేయించవలసిన బాధ్యత ఆ కుటుంబ పెద్దలది.

ఉపవాసాలు, అనారోగ్యం

శరీరం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా చికిత్సను ప్రోత్సహించారు. మాత్ర మానేసి "అంతా అల్లాహ్ చూసుకుంటాడు" అనడం విశ్వాసం కాదు, నిర్లక్ష్యం.

రమజాన్ ఉపవాసాల విషయంలో దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలో రోగులకు స్పష్టమైన వెసులుబాటు ఉంది. కోలుకునే అవకాశం ఉన్నవారు తర్వాత ఖజా చేసుకోవాలి. ఎన్నటికీ ఉపవాసం పాటించలేని దీర్ఘకాలిక రోగి ప్రతి ఉపవాసానికి బదులు ఫిద్యాగా ఒక నిరుపేదకు అన్నం పెట్టాలి. ఆ వెసులుబాటును ఉపయోగించుకోవడం లోపమని భావించనక్కరలేదు. అది ఇచ్చినవాడు మనల్ని సృష్టించినవాడే.

బీపీ, షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుణ్ణి కలవాలి. రక్తపోటు, చక్కెర అదుపులో ఉండి మూత్రపిండాలు బాగున్నవారిలో చాలామంది మందుల వేళలు మార్చుకుని ఉపవాసాలు పాటించగలరు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవారికి మోతాదు తగ్గించవలసి రావచ్చు. లేకుంటే మధ్యాహ్నానికి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మూత్రపిండ వ్యాధి ముదిరినవారు, డయాలసిస్‌లో ఉన్నవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు ఉపవాసం పాటించరాదని వైద్యులు స్పష్టంగా చెబుతారు. నిరాహారంగా ఉన్నప్పుడు చక్కెర 70 కన్నా తగ్గినా, 300 కన్నా పెరిగినా ఆ క్షణమే ఉపవాసం విరమించాలి. సూర్యాస్తమయానికి గంటే ఉంది కదా అని వేచి ఉండరాదు. వేలికి సూది గుచ్చి పరీక్షించడం వల్ల గాని, ఇన్సులిన్ సూది వల్ల గాని ఉపవాసం భంగం కాదన్నది అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. కనుక పరీక్షకు వెనుకాడనక్కరలేదు. ఇఫ్తార్, సహరీల మధ్య నీరు బాగా తాగాలి. గుండె, మూత్రపిండ జబ్బుల వల్ల నీటి పరిమితి ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలతనే పాటించాలి.

మనం చేయగలిగినది

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారి దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవడం. ప్రభుత్వ పథకాల కింద దాన్ని ఉచితంగా చేసినా ప్రయాణ ఖర్చు, పోయిన కూలి, వెంట వెళ్ళే కొడుకు పోగొట్టుకునే పని కుటుంబాన్ని కుంగదీస్తాయి. అక్కడికి చేరకుండా ఆపగలిగిన సంవత్సరాలు ఎన్నో మన చేతుల్లో ఉన్నాయి.

ప్రతి మసీదు కమిటీ నెలకొక జుమా నాడు నమాజు తర్వాత బీపీ చూసే ఏర్పాటు చేయగలదు. స్థానిక ఆరోగ్య కార్యకర్తను ఆహ్వానిస్తే సరిపోతుంది. స్త్రీలకు వేరుగా ఏర్పాటు చేయాలి. జకాత్, సదఖా నిధులు నిర్వహించే పెద్దలు నిరుపేద రోగి మాత్రల ఖర్చును, ఏడాదికొకసారి ఆ రెండు పరీక్షల ఖర్చును భరించవచ్చు. డయాలసిస్ మొదలైన తర్వాత చందాలు పోగుచేయడం కన్నా ఇది తక్కువ ఖర్చు, ఎక్కువ పుణ్యం.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ పత్రిక చదవడం ముగించగానే ఇంట్లో బీపీ గాని, షుగర్ గాని ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరుకూ ఎదురుగా చివరిసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో, క్రియాటినిన్ ఎంత ఉన్నదో, మాత్రలు రోజూ వేసుకుంటున్నారో లేదో నింపండి. ఖాళీగా మిగిలిన గడి ఏదైనా ఉంటే ఈ వారంలోనే దాన్ని నింపే ఏర్పాటు చేయండి. ఇన్షా అల్లాహ్, ఎన్నో ఇళ్ళలో ఆ ఒక్క కాగితమే పెద్ద ఆపదకు అడ్డుకట్ట అవుతుంది.